టెలికన్వర్టరా, క్రాపా? మీ జూమ్ లెన్స్‌తో సరైన పరీక్ష చేసే పద్ధతి

మీరు అడిగినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. మీ దగ్గర 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 100-400 మి.మీ. ఎఫ్/4.5-5.6 జూమ్ ఉన్నాయి (ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం సైజు చెబుతుంది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). పిట్టలకు 400 చాలడం లేదు. లెన్స్ కంపెనీదే 1.4ఎక్స్ టెలికన్వర్టర్‌ను, అంటే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించి బొమ్మను 1.4 రెట్లు పెద్దది చేసే గాజును, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నారు. గోడకు న్యూస్‌పేపర్ అంటించి, కెమెరా చేత్తో పట్టుకుని, రెండుసార్లూ ఎఫ్/8 పెట్టి, కన్వర్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీశారు. 100 శాతం దగ్గర, అంటే ఫొటోలోని ఒక్కో పిక్సెల్‌కు తెర మీద ఒక్కో పిక్సెల్ వచ్చేలా చూస్తే, కన్వర్టర్ ఫొటో మెత్తగా, చప్పగా కనిపించింది. అందుకని కన్వర్టర్ కొనడం దండగా, ఫొటోలో పిట్ట ఉన్న భాగాన్ని కోసుకుంటే (క్రాప్) చాలా, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైనప్పుడు కెమెరాలో పెంచే అంకె) పెరగడం వల్ల నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) మాటేమిటి, పోనీ 2ఎక్స్ కొంటే ఎలా ఉంటుంది అని అడిగారు.

మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. 100 శాతం దగ్గర కన్వర్టర్ ఫొటో ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. కాకపోతే ఆ పరీక్ష మీ ప్రశ్నకు జవాబు చెప్పదు. మీ కెమెరా, మీ లెన్స్ లాంటి జోడీలతో సరిగ్గా పరీక్ష చేసినప్పుడు నేను చూసినంతవరకు 1.4ఎక్స్ కన్వర్టరే గెలుస్తుంది. గెలుపు చిన్నదే, అదీ కొన్ని పరిస్థితుల్లోనే. ఆ చిన్న గెలుపు మీకు పనికొస్తుందో లేదో మీ లెన్స్‌తో మీరే తేల్చుకోవాలి. ఒకే మోడల్‌లో రెండు లెన్సులు కూడా ఒక్కలా ఉండవు కాబట్టి వేరేవాళ్ల ఫలితం మీది కాదు.

ముందు ఈ రెండు పద్ధతులూ ఏం చేస్తాయో అంకెలతో చూద్దాం. 15 సెం.మీ. పిట్ట మీకు 20 మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుందనుకోండి. 400 మి.మీ. దగ్గర సెన్సర్ మీద దాని బొమ్మ 3 మి.మీ. పొడవు పడుతుంది. మీ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. అంటే తల నుంచి తోక దాకా పిట్టకు దక్కినవి దాదాపు 500 పిక్సెళ్లు. మీరు ఎంత క్రాప్ చేసినా ఆ 500 అలాగే ఉంటాయి, చుట్టూ ఉన్న ఆకులూ ఆకాశమే పోతాయి. కన్వర్టర్ పెడితే లెన్స్ తయారు చేసిన బొమ్మనే అది 1.4 రెట్లు పరిచి సెన్సర్ మీద వేస్తుంది. పిట్ట 4.2 మి.మీ. అవుతుంది, పిక్సెళ్లు 700 అవుతాయి. కాబట్టి అసలు ప్రశ్న ఇది: అదనపు గాజు లేని 500 పిక్సెళ్ల పిట్టలో ఈకలు బాగా కనబడతాయా, అదనపు గాజు గుండా వచ్చిన 700 పిక్సెళ్ల పిట్టలోనా?

ఇప్పుడు మీ 100 శాతం పోలిక ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఆ తెర మీద ఒక పిట్ట 500 పిక్సెళ్ల పొడవుంది, రెండోది 700 ఉంది. రెండోదాన్ని 1.4 రెట్లు పెద్దది చేసి చూస్తూ, మొదటిదానంత పదునుగా లేదని అన్నట్టయింది. పోలిక ఎప్పుడూ పిట్ట సైజు సమానం చేసి చూడాలి. అదీ క్రాప్‌ను 1.4 రెట్లు పెంచి చేయాలి. కన్వర్టర్ ఫొటోను కుదిస్తే అది సంపాదించిన పిక్సెళ్లను మనమే పారేసినట్టు.

రెండో పొరపాటు రెండుసార్లూ ఎఫ్/8 పెట్టడం. ఇది చాలామంది చేసేదే, చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది కూడా. కానీ కన్వర్టర్ లేకుండా ఎఫ్/8 అంటే లెన్స్‌ను ఒక స్టాప్ మూశారు (లోపలికి వచ్చే వెలుతురు సగమైంది). చాలా జూమ్‌లు అక్కడే తమ బెస్ట్ ఇస్తాయి. కన్వర్టర్‌తో ఎఫ్/8 అంటే లెన్స్ పూర్తిగా తెరిచే ఉంది, ఎందుకంటే 1.4ఎక్స్ ఒక స్టాప్ తీసుకుంటుంది, 5.6 కాస్తా 8 అవుతుంది. ఒకవైపు లెన్స్ మంచి స్థితిలో ఉంది, ఇంకోవైపు బలహీనమైన స్థితిలో ఉంది. అక్కడ మీరు చూసిన తేడాలో కన్వర్టర్ వాటా ఎంతో, లెన్స్ వాటా ఎంతో విడదీయలేం.

ఎఫ్ నంబరును పక్కనపెట్టి, లెన్స్ ముందు నుంచి చూస్తే కనిపించే ఆ గుండ్రటి రంధ్రం వ్యాసాన్ని పట్టుకోండి. 400ని 5.6తో భాగిస్తే 71 మి.మీ., 560ని 8తో భాగిస్తే 70 మి.మీ. కన్వర్టర్ తగిలించినా లెన్స్ రంధ్రం మారలేదు. పిట్ట నుంచి లోపలికి వచ్చే వెలుతురు కూడా మారలేదు. ఒక చెంబెడు నీళ్లు చిన్న పళ్లెంలో పోసినా పెద్ద పళ్లెంలో పోసినా నీళ్లు అవే, పెద్దదాంట్లో లోతు తగ్గుతుందంతే. కన్వర్టర్ తగ్గించే ఆ ఒక్క స్టాప్ అలాంటిదే. అదే షట్టర్ స్పీడ్ ఉంచితే క్రాప్‌కు ఐఎస్ఓ 800 దగ్గర వచ్చేది, కన్వర్టర్‌కు 1600 దగ్గర వస్తుంది. ఒక్కో పిక్సెల్‌లో నాయిస్ ఎక్కువే, కానీ పొడవూ వెడల్పూ రెండూ 1.4 రెట్లు పెరగడంతో పిట్ట మీద మొత్తం పిక్సెళ్లు దాదాపు రెట్టింపు అయ్యాయి. రెండు పిట్టలనూ ఒకే సైజుకు తెచ్చి చూస్తే నాయిస్ దాదాపు సమానంగా తేలుతుంది. కన్వర్టర్ గాజు మింగే కొద్దిపాటి వెలుతురు, రెట్టింపు పిక్సెళ్లను చదవడంలో సెన్సర్ చేర్చే కొద్దిపాటి నాయిస్ కన్వర్టర్‌కు వ్యతిరేకంగా పనిచేస్తాయి. బాగా చీకటి నీడల్లో తప్ప అవి కంటికి ఆనవు. నాయిస్ గురించి మీరు బెంగపడినంత లేదు.

ఈ రంధ్రం లెక్క పట్టుకుంటే ఇంకొన్ని అపోహలు కూడా పోతాయి. ఎఫ్/8కి వెళ్లాం కాబట్టి డిఫ్రాక్షన్ (రంధ్రం గుండా వచ్చే వెలుతురు చుక్కగా పరుచుకోవడం) పెరుగుతుందని కొందరు అంటారు. సెన్సర్ మీద డిఫ్రాక్షన్ చుక్క వ్యాసం ఎఫ్/5.6 దగ్గర సుమారు 7.5 మైక్రాన్లు, ఎఫ్/8 దగ్గర 10.7. పెరిగింది, నిజమే. పిట్ట కూడా అంతే పెరిగింది. పిట్ట శరీరంలో ఆ చుక్క ఎన్నో వంతు అని చూస్తే రెండుచోట్లా దాదాపు నాలుగు వందల వంతే. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా ఎంత లోతు వరకు స్పష్టంగా ఉంటుందో అది) కూడా అంతే, చివరి ఫొటోలో పిట్ట సైజు ఒకటే అయితే మారదు. చేతి వణుకు, పిట్ట కదలిక వల్ల వచ్చే మసకా అంతే. అదే షట్టర్ స్పీడ్‌లో పిట్ట మీద మసక రెండింటిలోనూ సమానం. కన్వర్టర్ మెత్తగా ఉందని చెప్పేవాళ్లలో చాలామంది చేసేదేమిటంటే, ఐఎస్ఓ పెంచడం ఇష్టం లేక షట్టర్ స్పీడ్ సగానికి దించుతారు. 1/1600 సెకండ్ దగ్గర కదలకుండా నిలిచిన రెక్క 1/800 దగ్గర చెదిరిపోతుంది. నింద గాజు మీద పడుతుంది.

మరి తేడా ఎక్కడుంది? ఒకవైపు పిక్సెళ్ల లేమి ఉంది, ఇంకోవైపు గాజు లోపాలు ఉన్నాయి. క్రాప్‌లో లెన్స్ ఇచ్చిన సన్నటి వివరం పిక్సెళ్ల మధ్య పడి పోతుంది. ఒక్కోసారి పోవడమే కాదు, తప్పుగా కూడా కనబడుతుంది. రెక్క ఈకల్లోని సన్నటి చారలు పిక్సెల్ కన్నా సన్నవైనప్పుడు సెన్సర్ వాటిని లేని దిక్కుకు వంగిన గీతలుగా, అక్కడక్కడా రంగు మచ్చలుగా రాస్తుంది. చూడగానే అది పదునులాగే ఉంటుంది, కానీ ఆ ఈక అలా ఉండదు. కన్వర్టర్ ఆ చారలను వెడల్పు చేసి పిక్సెళ్లకు అందిస్తుంది. అయితే లెన్స్‌లో ఉన్న లోపాలను కూడా అదే 1.4 రెట్లు వెడల్పు చేస్తుంది, తన కాంట్రాస్ట్ నష్టాన్ని పైన కలుపుతుంది. కొమ్మల అంచుల్లో కనిపించే ఊదా, ఆకుపచ్చ రంగు గీత ఇంకాస్త లావవుతుంది.

అందుకే పిక్సెల్ సైజును బట్టి ఫలితం మారిపోతుంది. మీ 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో పిక్సెల్ 6 మైక్రాన్లు, 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు 4.35. ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్‌లో 24 మెగాపిక్సెళ్లయితే 3.9, 32.5 మెగాపిక్సెళ్లయితే 3.2. మీ కెమెరాకు 1.4ఎక్స్ పెట్టడమంటే లెన్స్ వైపు నుంచి చూస్తే పిక్సెల్‌ను 6 నుంచి 4.3కి కుదించడమే. మంచి జూమ్ మధ్యభాగంలో అంత వివరం ఉంటుంది, అందుకే మీకు లాభం. 3.2 మైక్రాన్ల సెన్సర్ మీద అదే కన్వర్టర్ అంటే 2.3 మైక్రాన్లు అడగడం. ఎఫ్/5.6 జూమ్ దగ్గర దాచిన వివరం అంత ఉండదు. అక్కడ పిట్ట పెద్దదవుతుంది, కొత్తగా ఏమీ కనబడదు.

ఇక పరీక్ష సంగతి. ఇక్కడ ఓపిక పెట్టాలి, ఎందుకంటే మనం వెతుకుతున్న తేడా చిన్నది, నిర్లక్ష్యంగా తీస్తే వచ్చే తేడా దానికన్నా చాలా పెద్దది.

లెన్స్ కాలర్‌ను (లెన్స్ చుట్టూ ఉండే పట్టీని) గట్టి ట్రైపాడ్ మీద బిగించండి, మధ్య కాలమ్ పైకి లేపకండి. స్టెబిలైజేషన్ ఆపండి. కొన్ని లెన్సులు ట్రైపాడ్‌ను తామే పసిగడతాయి, కానీ పరీక్షలో ఆ అనుమానం మనకు వద్దు. ఎలక్ట్రానిక్ షట్టర్ గానీ, ఎలక్ట్రానిక్ మొదటి కర్టెన్ గానీ వాడండి. రెండు సెకండ్ల టైమర్ ఇంత పొడవు లెన్స్‌కు చాలదు, ముట్టుకున్న కదలిక ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది. పది సెకండ్లు పెట్టండి లేదా రిమోట్ వాడండి. ముందు తగిలించిన ప్రొటెక్షన్ ఫిల్టర్ తీసేయండి. మామూలు ఫిల్టర్ పొడవైన ఫోకల్ లెంగ్త్ దగ్గర చేసే పాడు, కన్వర్టర్ చేసేదానికన్నా ఎక్కువగా ఉండొచ్చు.

దూరం మీరు నిజంగా పిట్టలను తీసే దూరమే ఉండాలి. ఇంటి గదిలో నాలుగు మీటర్ల దగ్గర చేసిన పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. చాలా జూమ్‌లు దగ్గరి ఫోకస్‌లో అసలు ఫోకల్ లెంగ్త్ కోల్పోతాయి, పదును తీరు కూడా మారుతుంది. 15, 30 మీటర్ల దగ్గర ఒక్కోసారి, వీలైతే అంతకు రెట్టింపు దగ్గర ఇంకోసారి చేయండి. కెమెరా, టార్గెట్ రెండూ కదలకూడదు. కన్వర్టర్ పెట్టాక ఫ్రేమ్ సమానం చేయడానికి వెనక్కి జరిగితే అది వేరే పరీక్ష. మీ సమస్యే ముందుకు వెళ్లలేకపోవడం కదా.

టార్గెట్ గురించి కాస్త చెప్పాలి. న్యూస్‌పేపర్ అక్షరాలు నలుపు-తెలుపు, కాంట్రాస్ట్ ఎక్కువ. అలాంటి వివరం కన్వర్టర్ గుండా సులువుగా వస్తుంది, క్రాప్‌లోనూ వస్తుంది. అక్షరం చదవగలిగామా లేదా అన్నదాంతోనే తీర్పు ఇస్తే పిట్టల విషయంలో తప్పు దారి పడతాం. నేను వాడేది రాలిపోయిన పావురం ఈక. చదునైన అట్ట మీద మధ్యలో ఈకను టేపుతో అంటిస్తాను. పక్కన చిన్న నుంచి పెద్ద దాకా సైజుల్లో ప్రింటు చేసిన అక్షరాలు, ఒక మూల ముతక నూలు గుడ్డ ముక్క, అట్టకు ఏటవాలుగా ఒక స్కేలు ఉంటాయి. స్కేలు ఫోకస్ ఎక్కడ పడిందో చెబుతుంది, అట్ట కన్నా ముందో వెనకో పడితే ఆ ఫ్రేమ్ పరీక్షకు పనికిరాదు. ఈకలో బూడిద రంగు మీద బూడిద రంగు చారలుంటాయి, నడిమి కాడ నుంచి పక్కలకు వాలే పోగులుంటాయి. అక్షరాల్లో రెండు ఫొటోలూ సమానమనిపించిన చోట కూడా ఆ పోగులు విడివిడిగా ఉన్నాయా, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయా అని చూస్తే తేడా బయటపడుతుంది. పిట్ట చెంప మీద మనం వెతికేది అదే కదా.

కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేసి చూస్తూ, ఫోకస్ రింగును చేత్తో తిప్పి ఫోకస్ పట్టండి. కన్వర్టర్‌తో కనీసం అయిదారు ఫ్రేములు, ప్రతి ఫ్రేముకూ ఫోకస్ రింగును కదిపి మళ్లీ పట్టి తీయండి. లేకుండా కూడా అన్నే తీయండి. రెండు గుంపుల్లోనూ బెస్ట్ ఫ్రేమును ఎంచుకుని ఆ రెండింటినే పోల్చండి. ఒకే ఒక్క ఫ్రేముతో చేసిన పోలికలో గెలిచింది కన్వర్టరో క్రాపో కాదు, ఆ క్షణంలో కుదిరిన ఫోకస్. ఈ ఒక్కటి పాటించకపోవడం వల్లే ఒకే లెన్స్ గురించి ఇద్దరు మనుషులు పూర్తిగా వ్యతిరేకమైన మాటలు చెబుతారని నా నమ్మకం.

అపెర్చర్ (లెన్స్ రంధ్రం) విషయంలో నాలుగు రకాలు కావాలి. లెన్స్ ఒక్కటే ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర. కన్వర్టర్‌తో ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర. పోల్చేటప్పుడు 5.6ను 8తో, 8ని 11తో జత కట్టండి. అన్నింటికీ షట్టర్ స్పీడ్ ఒకటే ఉంచి ఐఎస్ఓ మార్చండి. రా ఫైళ్లే (కెమెరా సవరించని అసలు డేటా) తీయండి. జేపెగ్‌లో ఐఎస్ఓ పెరిగేకొద్దీ కెమెరా నాయిస్‌ను ఎక్కువగా నునుపు చేస్తుంది, ఆ నునుపులో కన్వర్టర్ తెచ్చిన సన్నటి వివరమే ముందు పోతుంది.

గాలిని మాత్రం మరిచిపోవద్దు. ఎండెక్కిన నేల మీదుగా, రోడ్డు మీదుగా, రేకుల పైకప్పు మీదుగా చూస్తే వేడి గాలి తెరలు బొమ్మను కదుపుతూ ఉంటాయి. తెరిచిన కిటికీలోంచి తీస్తే గది గాలీ బయటి గాలీ కలిసేచోట అదే జరుగుతుంది. ఏసీ గదిలోంచి అప్పుడే తెచ్చిన లెన్స్‌కు హుడ్ లోపలే ఆ సుడి మొదలవుతుంది, కాసేపు బయట ఉంచాకే మొదలుపెట్టండి. పసిగట్టే మార్గం సులభం. వరసగా పది ఫ్రేములు తీసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూడండి. అక్షరం అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకర పోతుంటే అది గాలి. కెమెరా కదిలితే అక్షరాలన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి, ఫోకస్ తప్పితే అన్నీ ఒకేలా ఉబ్బుతాయి. తెల్లవారుజామున గానీ, మబ్బు పట్టిన రోజు గానీ చేయండి.

మీది జూమ్ కాబట్టి ఇంకో రెండు సంగతులున్నాయి. పోల్చాల్సింది 400 చివర మాత్రమే. 285 దగ్గర కన్వర్టర్ పెట్టి 400 తెచ్చుకోవడంలో అర్థం లేదు, ఆ 400 లెన్స్‌లోనే ఉంది. అయితే చాలా జూమ్‌లు చివరి అంచులో కాస్త నీరసిస్తాయి. కాబట్టి 350 దగ్గర కన్వర్టర్‌తో, అంటే 490 మి.మీ.తో కూడా ఒక వరస తీయండి. ఆ 490 ఫొటోను 560 సైజుకు పెంచి చూస్తే, మీ 560కి సమానంగా గానీ మెరుగ్గా గానీ తేలితే మీ లెన్స్ బలహీనత ఎక్కడుందో తెలిసిపోతుంది. ఫీల్డ్‌లో కూడా జూమ్ రింగును చివరి దాకా తిప్పకుండా వాడుకోవచ్చు.

రెండోది, కన్వర్టర్ ఉన్నంతసేపూ మీ జూమ్ 140 నుంచి 560 అవుతుంది. 100 నుంచి 140 మధ్య పోయిన భాగం పిట్టలకు అక్కర్లేదు. కానీ అన్ని జూమ్‌లూ ఇంత సర్దుకుపోవు. కానన్ ఆర్ఎఫ్ 100-500కు కంపెనీ కన్వర్టర్ పెట్టాలంటే జూమ్‌ను 300 దాకా తిప్పి పెట్టాలి, ఆ తర్వాత 300-500 మధ్యే కదులుతుంది. సోనీ 200-600కు 1.4ఎక్స్ పెడితే 280-840 అవుతుంది, చివర ఎఫ్/9కి చేరుతుంది. జంతువు హఠాత్తుగా దగ్గరకు వస్తే 280 ఎక్కువైపోతుంది. కన్వర్టర్ ముందు గాజు లెన్స్ వెనక భాగంలోకి చొచ్చుకు వెళుతుంది కాబట్టి, కంపెనీ జాబితాలో లేని లెన్స్‌కు దాన్ని బలవంతంగా తగిలించే ప్రయత్నం చేయొద్దు. రెండు గాజులూ తగిలి గీతలు పడొచ్చు. లెన్స్‌తో కలిపి డిజైన్ చేసిన కన్వర్టర్ ఎంత బాగుంటుందో తెలియాలంటే 2013లో కానన్ తెచ్చిన 200-400 ఎఫ్/4, 2018లో నికాన్ తెచ్చిన 180-400 ఎఫ్/4 చూడండి. రెండింటిలోనూ 1.4ఎక్స్ లోపలే ఉంటుంది, లివర్ తిప్పితే దారిలోకి వస్తుంది. ఏ లెన్స్‌కైనా సరిపోతుందని అమ్మే కన్వర్టర్లు దీనికి పూర్తి వ్యతిరేక కొసన ఉంటాయి. వాటితో చేసిన పరీక్షను చూసి కంపెనీ కన్వర్టర్ మీద తీర్పు ఇవ్వకూడదు.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి రండి. రా ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫైళ్లకూ నాయిస్ తగ్గింపు సున్నా చేయండి, షార్పెనింగ్ కూడా ముందు సున్నా చేయండి. కన్వర్టర్ ఫైలు ఎక్స్‌పోజర్ కాస్త తక్కువగా వస్తే సమానం చేయండి, ఎందుకంటే వెలుగు ఎక్కువున్న ఫొటోనే పదునుగా ఉందని కన్ను నమ్ముతుంది. క్రాప్‌ను 1.4 రెట్లు పెంచండి. తర్వాత దేనికి తగ్గ షార్పెనింగ్ దానికి ఇవ్వండి. రెండింటికీ ఒకే అంకెలు పెట్టడం న్యాయమనిపిస్తుంది కానీ కాదు. క్రాప్‌కు పెంచక ముందు 0.7 పిక్సెల్ రేడియస్ సరిపోతే, కన్వర్టర్ ఫైలుకు 1.0 కావాలి, వివరాలన్నీ అంత వెడల్పయ్యాయి కాబట్టి. కొద్దిగా కాంట్రాస్ట్ కూడా ఇవ్వండి. మీరు చూసిన ఆ చప్పదనం సగానికి పైగా అక్కడే పోతుంది. పోయిన కాంట్రాస్ట్‌ను తిరిగి తెచ్చుకోవచ్చు, పిక్సెళ్ల మధ్య పడిపోయిన ఈక పోగును తెచ్చుకోలేం. ఈ మధ్య వచ్చిన ఏఐ సాఫ్ట్‌వేర్లు ఆ పోగులను ఊహించి గీస్తాయి, అవి కొన్నిసార్లు అందంగానే ఉంటాయి. పరీక్షలో మాత్రం వాటిని రెండు ఫైళ్లకూ వాడండి లేదా దేనికీ వాడకండి.

చివరగా, ఫైళ్ల పేర్లు మార్చమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఏది ఏదో తెలియకుండా ఈక చూసి ఎంచుకోండి. కొనాలని మనసులో ఉన్నవాడికి కన్వర్టర్ ఫొటో బాగున్నట్టు, వద్దనుకున్నవాడికి క్రాప్ బాగున్నట్టు కనబడుతుంది. రెండు మూడుసార్లు చూసినా ఎంపిక మారిపోతుంటే ఆ దూరంలో, ఆ అపెర్చర్‌లో రెండూ సమానమని రాసుకోండి. అదీ పనికొచ్చే ఫలితమే.

మీకు ఏం కనిపించవచ్చో నా అంచనా చెబుతాను. 15 మీటర్ల దగ్గర ఈక పోగుల్లో కన్వర్టర్ స్పష్టంగా ముందుంటుంది. పిట్ట పొడవులో పిక్సెళ్లు 40 శాతం పెరిగాయని వివరం 40 శాతం పెరగదు, అందులో కొంత భాగమే దక్కుతుంది. ఎఫ్/11 దగ్గర ఆ లాభం ఇంకాస్త పెరగొచ్చు, కానీ పిట్టలు కదిలే వెలుతురులో ఎఫ్/11 భరించడం కష్టం. దూరం పెరిగేకొద్దీ గాలి ఇద్దరినీ ఒకే స్థాయికి దించుతుంది. ఎండలో వంద మీటర్ల అవతల కూర్చున్న గద్దకు కన్వర్టర్ పెట్టడం వల్ల పెద్ద మసక తప్ప ఏమీ రాదు. ఫ్రేమ్ అంచుల్లో కన్వర్టర్ ఓడినా పట్టించుకోకండి, క్రాప్‌లో ఆ భాగం అసలు ఉండనే ఉండదు. ఫోన్ తెర మీద చూసుకునే ఫొటోలే మీకు ముఖ్యమైతే 500 పిక్సెళ్ల పిట్టకూ 700 పిక్సెళ్ల పిట్టకూ తేడా ఎవరికీ కనబడదు. పెద్ద ప్రింట్లు వేసేవాళ్లకు కనబడుతుంది.

ట్రైపాడ్ మీద గెలిచిన కన్వర్టర్ ఫీల్డ్‌లో ఓడిపోవచ్చు. పాత డీఎస్ఎల్ఆర్‌లలో ఎఫ్/5.6 దాటితే చాలా ఆటోఫోకస్ పాయింట్లు పనిచేసేవి కావు, ఎఫ్/8 దగ్గర మధ్య పాయింటు ఒక్కటి పనిచేస్తే గొప్ప. మిర్రర్‌లెస్‌లో ఆ గోడ కూలింది కానీ వేగం తగ్గడం మిగిలే ఉంది, ముఖ్యంగా చీకటి పడేవేళ, పొదల్లో. ఎగిరే పిట్టల మీద కన్వర్టర్‌తో కొంతసేపు, లేకుండా కొంతసేపు తీసి, వందకు ఎన్ని ఫోకస్‌లో ఉన్నాయో లెక్కపెట్టండి. కూర్చున్న పిట్టల విషయంలో మాత్రం నేను కన్వర్టర్ వైపే ఉంటాను. ఫ్రేములో పిట్ట పెద్దదైతే కంటిని గుర్తించే ఆటోఫోకస్‌కు పట్టు దొరుకుతుంది, ఫోకస్ పాయింటు కొమ్మ మీద కాకుండా తల మీద నిలుస్తుంది. మీ కెమెరాలో ఉన్న ఏపీఎస్-సీ క్రాప్ మోడ్ కూడా ఫైండర్‌లో పిట్టను పెద్దదిగా చూపిస్తుంది, ఫైలు సుమారు 10 మెగాపిక్సెళ్లకు తగ్గుతుంది. చూపు సౌకర్యం వస్తుంది, పిట్ట మీద పిక్సెళ్లు మాత్రం పెరగవు. కొన్ని కెమెరాల మెనూలో డిజిటల్ టెలికన్వర్టర్ అని ఉండేది కూడా మధ్యభాగాన్ని కోసి పెంచడమే.

2ఎక్స్ సంగతి. మీ జూమ్ 800 మి.మీ. ఎఫ్/11 అవుతుంది, పిట్టకు 1000 పిక్సెళ్లు వస్తాయి. కాగితం మీద ఊరించే అంకె అది. ఎఫ్/2.8 టెలిఫోటోలకు 2ఎక్స్ బాగా నప్పుతుంది, ఎందుకంటే అక్కడ లెన్స్ దగ్గర ఖర్చు పెట్టడానికి పదునుంటుంది, రెండు స్టాప్‌లు పోయాక కూడా ఎఫ్/5.6 మిగులుతుంది. ఎఫ్/5.6 జూమ్‌తో నేను చూసిన 2ఎక్స్ ఫొటోల్లో 1.4ఎక్స్ ఫొటోను పెంచినదానికన్నా ఎక్కువ వివరం కనబడటం అరుదు. ఆటోఫోకస్ మాత్రం కచ్చితంగా ఇంకా నెమ్మదిస్తుంది. మీరు అరువు తెచ్చుకున్న 1.4ఎక్స్‌ను తిరిగి ఇచ్చేలోపు ఈ పరీక్ష ఒకసారి చేయండి. 15 మీటర్ల దగ్గర ఈకలో లాభం కనబడితే అదే కొనుక్కోండి. 800 తప్పదనిపిస్తే 2ఎక్స్ డబ్బును 600 దాకా వెళ్లే లెన్స్ కోసం దాచుకోమనే చెబుతాను.